కాశీనాథుని నాగేశ్వరరావు

కాశీనాథుని నాగేశ్వరరావు (మే 1, 1867 - ఏప్రిల్ 11, 1938) సుప్రసిద్ధ పత్రికా సంపాదకుడు, పారిశ్రామికుడు, స్వాతంత్ర్య సమరయోధుడు, గ్రంథ ప్రచురణకర్త. నాగేశ్వరరావు పంతులుగా ప్రసిద్ధికెక్కాడు. అమృతాంజనం తయారుచేసి దేశమంతటా పేరు గడించాడు. ఆ వ్యాపారంలో వచ్చిన ధనంతో ఆంధ్రపత్రికను, భారతి సాహిత్య మాసపత్రికను, ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి నడిపాడు. తెలుగు ప్రజలు ఈయనను "దేశోద్ధారక", "విశ్వదాత" అనే బిరుదులతో గౌరవించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో "కళాప్రపూర్ణ" బిరుదుతో సత్కరించింది. ఆంధ్రదేశంలో సంస్థానాధీశులు, జమీందారులు వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తితో దానధర్మాలు చేస్తున్న కాలంలో, స్వయంగా సంపాదించిన ధనాన్ని ప్రజల చదువుకు మూలధనంగా పెట్టిన తొలితరం తెలుగువారిలో ఈయన అగ్రగణ్యుడు.

జననం, విద్యాభ్యాసం

నాగేశ్వరరావు నేటి కృష్ణా జిల్లాలో గుడివాడ ప్రాంతానికి చెందిన ఎలకుర్రు గ్రామంలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించాడు. ప్రాథమిక విద్య స్వగ్రామంలోను, ఉన్నత పాఠశాల విద్య బందరులోను సాగింది. పై చదువులకు మద్రాసు వెళ్ళి, క్రిస్టియన్ కళాశాలలో చేరి, 1891లో పట్టభద్రుడయ్యాడు.

ఆ రోజుల్లో కందుకూరి వీరేశలింగం పంతులు రచనలు, సంస్కరణోద్యమం చదువుకున్న యువకులను విశేషంగా ఆకర్షించాయి. నాగేశ్వరరావు కూడా ఆ ప్రభావంలో పెరిగినవాడే. వీరేశలింగం నడిపిన వివేకవర్ధని పత్రికలోని వ్యాసాలు ఆయనను ప్రభావితం చేశాయి. చేతిలో ఒక పత్రిక ఉంటే ఒక మనిషి సంఘాన్ని ఎంతగా కదిలించగలడో ఆయన విద్యార్థి దశలోనే కళ్ళారా చూశాడు. ఆయన తరువాతి జీవితానికి ఇది బీజమని చెప్పవచ్చు.

అమృతాంజనం

ఆ కాలంలో పట్టభద్రులకు సర్కారు కొలువు సులభంగా దొరికేది. బంధువర్గం కోరుకునేది కూడా అదే. నాగేశ్వరరావు మాత్రం వ్యాపారం వైపు మొగ్గాడు. కొంతకాలం మద్రాసులోను, తరువాత కలకత్తాలోను పనిచేసి, అక్కడ ఔషధాల తయారీకి సంబంధించిన మెళకువలు గ్రహించాడు. పిమ్మట బొంబాయి చేరి కొన్నాళ్ళు ఉద్యోగం చేశాడు. 1893లో అమృతాంజనం అనే నొప్పి నివారణ లేపనాన్ని తయారుచేసి అమ్మకానికి పెట్టాడు.

కర్పూరం వంటి సుగంధ ద్రవ్యాలతో కూడిన ఈ పసుపుపచ్చని మందు తలనొప్పికి, ఒళ్ళునొప్పులకు, జలుబుకు పైపూతగా ఉపయోగపడేది. వైద్యుడు అందుబాటులో లేని ఇళ్ళలో చిన్న సీసాలో ఇమిడిపోయే ఇటువంటి మందు అవసరం ఎంతైనా ఉండేది. మొదట్లో ప్రజలకు దీని గుణం తెలియదు. సంగీత సభలవంటి జనం కూడే చోట్ల ఉచితంగా పంచిపెట్టి అలవాటు చేశాడని చెబుతారు. క్రమంగా గిరాకీ పెరిగింది. విదేశీ మందులు బజారును ఏలుతున్న కాలంలో ఒక స్వదేశీ ఔషధం ఇంటింటా స్థానం సంపాదించుకోవడం విశేషం. ఈ వ్యాపారం 1936లో పరిమిత బాధ్యత గల కంపెనీగా మారింది.

నాగేశ్వరరావు చేపట్టిన కార్యక్రమాలకు, ముఖ్యంగా తొలి సంవత్సరాలలో, ఆధారం ఈ చిన్న సీసాయే. ఆయన దాతృత్వాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. కొన్ని అణాల లాభం లక్షల సీసాల మీద పోగుపడి పత్రికగాను, గ్రంథాలుగాను మారింది.

ఆంధ్రపత్రిక

1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెసు మహాసభకు నాగేశ్వరరావు హాజరయ్యాడు. మితవాదులు, అతివాదులు చీలిపోయిన సభ అది. దేశ రాజకీయాలు ఇంత వేగంగా మారుతుండగా ఇంగ్లీషు రాని తెలుగువారికి ఆ సంగతులు తెలిపే బలమైన పత్రిక లేకపోవడం అక్కడికి వచ్చిన తెలుగువారిని బాధించింది. ఆ కొరత తీర్చే బాధ్యతను నాగేశ్వరరావు స్వీకరించాడు.

1908 సెప్టెంబరు 9న బొంబాయి నుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగునాడుకు వందల మైళ్ళ దూరాన, మరాఠీ, గుజరాతీ భాషలు రాజ్యమేలే నగరంలో తెలుగు పత్రికను అచ్చువేయడం సామాన్యమైన పని కాదు. అక్షరాలు కూర్చేవారు మొదలుకొని రచయితల వరకు అందరినీ సమకూర్చుకోవలసి వచ్చేది. అయినా పత్రిక నిలదొక్కుకొని చందాదారులను సంపాదించింది. 1910 నుండి ఉగాదికి ప్రత్యేక సంవత్సరాది సంచికలను ప్రచురించడం ప్రారంభించాడు. చరిత్ర, భాష, కళలు, శాస్త్ర విషయాలపై పండితుల వ్యాసాలతో వెలువడిన ఈ సంచికలను పాఠకులు బైండు చేయించి దాచుకునేవారు.

1914లో కార్యాలయాన్ని మద్రాసుకు తరలించాడు. ఆ సంవత్సరం ఏప్రిల్ 1 నుండి ఆంధ్రపత్రిక దినపత్రికగా మారింది. కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధవార్తల కోసం పల్లెల్లో సైతం పత్రికకు ఎదురుచూడడం అలవాటయింది. మద్రాసు రాజధానిలో నూటికి పదిమందైనా అక్షరాస్యులు లేని కాలమది. కనుక ఒక ప్రతిని ఒకరు బిగ్గరగా చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినేవారు. అందువల్ల పత్రిక ప్రభావాన్ని చందాదారుల సంఖ్యతో మాత్రమే లెక్కకట్టలేము. చదువురాని రైతుకు కూడా ప్రపంచంలో ఏం జరుగుతున్నదో తెలుసుకునే అవకాశం అలా కలిగింది.

భారతి, ఆంధ్ర గ్రంథమాల

దినపత్రికలో రోజువారీ వార్తలకే చోటు సరిపోయేది. లోతైన పరిశోధనకు, సాహిత్య చర్చకు వేరే వేదిక కావలసి వచ్చింది. అందుకోసం 1924 జనవరిలో భారతి మాసపత్రికను ప్రారంభించాడు. శాసన పరిశోధకులు, భాషా పండితులు, సంప్రదాయ కవులు, నవ్యకవులు అందరికీ భారతి ఆశ్రయమిచ్చింది. భారతిలో వ్యాసమో, పద్యమో అచ్చయితే చాలు, ఆ రచయితకు సాహిత్యలోకంలో గుర్తింపు లభించినట్లే భావించేవారు. అటువంటి పత్రికకు లాభాలు రావడం అరుదు. దానిని నిలబెట్టినది స్థాపకుని పట్టుదలే.

1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పాడు. ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి, సామాన్యులు కొనగలిగే వెలకు అందించడం దీని ఆశయం. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరణతో, విపులమైన పీఠికతో ఈ మాలలో వెలువడింది. తాళపత్రాలలోను, కొద్దిమంది పండితుల ఇళ్ళలోను ఉండిపోయిన ద్విపద కావ్యం ఇందువలన గ్రామ పాఠశాల ఉపాధ్యాయునికి సైతం అందుబాటులోకి వచ్చింది. తెలుగు సాహిత్య చరిత్రలో శివకవుల స్థానాన్ని గురించి తరువాత జరిగిన చర్చకు ఇటువంటి ముద్రణలు ఎంతో తోడ్పడ్డాయి.

విజ్ఞాన సర్వస్వం

తెలుగులో విజ్ఞాన సర్వస్వాన్ని నిర్మించడానికి కొమర్రాజు వెంకట లక్ష్మణరావు జీవితాన్ని ధారపోశాడు. ఆయన సంపాదకత్వంలో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము మూడు సంపుటాలు వెలువడ్డాయి. అయితే ఆ మూడు సంపుటాలలోను "అ" అక్షరంతో మొదలయ్యే విషయాలే ఉన్నాయి. 1923 జూలైలో లక్ష్మణరావు మరణించడంతో పని ఆగిపోయింది.

ఈ మహాకార్యాన్ని మళ్ళీ చేపట్టినవాడు నాగేశ్వరరావు. పాత సంపుటాలను సవరించి, కొత్త విషయాలు చేర్చి ప్రకటించే భారాన్ని నెత్తిన వేసుకొన్నాడు. విజ్ఞాన సర్వస్వమంటే ఒక రచయిత కూర్చుని వ్రాసే పుస్తకం కాదు. పదుల సంఖ్యలో నిపుణులు, సంవత్సరాల తరబడి జీతాలు, చిత్రాలు, కాగితం అన్నీ కావాలి. అమ్మకం వల్ల ఆ ఖర్చు తిరిగి వచ్చే ఆశ లేదని తెలిసే ఆయన పూనుకున్నాడు. 1938లో ఆయన మరణంతో ఈ ప్రయత్నం కూడా మధ్యలోనే నిలిచింది. 1947లో మద్రాసులో తెలుగు భాషా సమితి ఏర్పడి, వేరొక ప్రణాళికతో విజ్ఞాన సర్వస్వ నిర్మాణాన్ని చేపట్టింది.

గ్రంథాలయోద్యమం

1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య ఈ ఉద్యమానికి ప్రాణం పోశాడు. ఆంధ్రపత్రిక దినపత్రికగా మారినది కూడా ఆ నెలలోనే. నాగేశ్వరరావు ఈ ఉద్యమానికి మొదటినుండి అండగా నిలిచాడు. పల్లెలో గ్రంథాలయం వెలిస్తే అందులో పెట్టడానికి పుస్తకం కావాలి, రోజూ పాఠకుని రప్పించడానికి పత్రిక కావాలి. ఈ రెండింటినీ సమకూర్చేవి ఆయన సంస్థలే. పత్రిక, గ్రంథమాల, గ్రంథాలయం అనే మూడు అంగాలూ ఒకదానికొకటి తోడై పనిచేశాయి.

జాతీయోద్యమంలో

నాగేశ్వరరావు గాంధీజీ అనుయాయి. 1924 - 1934 మధ్యకాలంలో నాలుగు పర్యాయాలు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షుడుగా పనిచేశాడు. ఖద్దరు ప్రచారానికి, అస్పృశ్యతా నివారణకు పత్రికలోను, వెలుపల కూడా కృషిచేశాడు.

1930లో ఉప్పు సత్యాగ్రహం మద్రాసు నగరంలో టంగుటూరి ప్రకాశం, నాగేశ్వరరావుల నాయకత్వంలో సాగింది. ఉదయవనం అనే శిబిరం సత్యాగ్రహులకు కేంద్రమయింది. అప్పటికి ఆయన వయస్సు 63 సంవత్సరాలు. పెద్ద వ్యాపారం, దినపత్రిక, ముద్రణాలయం అన్నీ ప్రభుత్వ ఆగ్రహానికి గురికాగల ఆస్తులే. అయినా శాసనోల్లంఘనకు వెనుదీయక జైలుశిక్ష అనుభవించాడు. కారాగారంలో ఉన్న కాలంలో భగవద్గీతకు వ్యాఖ్యానం రచించాడు. కేవలం ధనమిచ్చి ఊరుకునే దాతకు, తన ఆస్తిని, తనను కూడా పణంగా పెట్టిన ఈయనకు గల భేదం ఇక్కడ స్పష్టమవుతుంది.

శ్రీబాగ్ ఒడంబడిక

మద్రాసు రాష్ట్రం నుండి ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరికను ఆంధ్రపత్రిక ఆది నుండి బలపరచింది. అయితే కోస్తా జిల్లాల ఆధిపత్యంలో తమకు అన్యాయం జరుగుతుందన్న భయం రాయలసీమ నాయకులలో ఉండేది. ఈ సందేహాలను తొలగించడానికి 1937 నవంబరు 16న ఇరుప్రాంతాల నాయకులు మద్రాసు మైలాపూరులో నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో సమావేశమయ్యారు. అక్కడ కుదిరిన ఒప్పందమే శ్రీబాగ్ ఒడంబడికగా చరిత్రకెక్కింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనంతపురంలో మరొక కేంద్రం ఏర్పరచాలని, నీటిపారుదల పథకాలలో పది సంవత్సరాల పాటు రాయలసీమకు ప్రాధాన్యం ఇవ్వాలని, రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమలో ఉండాలని, ఏది కావాలో కోరుకునే హక్కు ఆ ప్రాంతానిదేనని అందులో నిర్ణయించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు కర్నూలు రాజధాని కావడానికి, హైకోర్టు గుంటూరులో నెలకొనడానికి ఈ ఒప్పందమే ఆధారం. మిగిలిన హామీలు ఎంతవరకు నెరవేరాయన్న చర్చ ఆ తరువాత దశాబ్దాలపాటు సాగింది. ఒడంబడిక జరిగిన ఐదు నెలలకే నాగేశ్వరరావు కన్నుమూశాడు. తాను కోరిన రాష్ట్రాన్ని ఆయన చూడలేకపోయాడు.

దాతృత్వ స్వరూపం

తెలుగువారిలో దాతలకు కొదవలేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841 - 1909) ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడక అన్నం పెట్టి అన్నపూర్ణగా పేరు పొందింది. పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూరు పోషణలో సూర్యరాయాంధ్ర నిఘంటువు రూపుదిద్దుకుంది. సీతమ్మది ఎదుటనున్న మనిషి ఆకలి తీర్చే ధర్మం. పిఠాపురం వారిది సంస్థానం అండతో సాగిన విద్యాపోషణ. నాగేశ్వరరావుది వీటికి భిన్నమైన మూడవ మార్గం. వ్యాపారంలోని మిగులును ప్రజలు నిత్యం వాడుకునే సంస్థలుగా మార్చడం ఆయన పద్ధతి.

అర్థించి వచ్చినవారిని ఆయన రిక్తహస్తాలతో పంపేవాడు కాదని ప్రతీతి. విశ్వదాత అన్న బిరుదు దానివలన వచ్చినదే. కాని వ్యక్తులకు చేసిన సాయం వారితోనే ముగిసింది. పత్రికలు, గ్రంథాల రూపంలో చేసిన దానం ముఖమెరుగని వారికి, అప్పటికి పుట్టని వారికి కూడా చేరింది. పుచ్చుకున్నవారికి తాము దానం తీసుకుంటున్నామన్న చిన్నతనం లేదు. కొద్దిపాటి వెల చెల్లించి పత్రిక కొనుక్కొన్న పాఠకుడు గౌరవంగానే కొనుక్కొన్నాడు.

ఈ పద్ధతికి ఉన్న పరిమితిని కూడా గమనించాలి. సంస్థలన్నీ ఒక వ్యక్తి సంపాదనపై, ఒక వ్యక్తి సంకల్పంపై ఆధారపడ్డాయి. విజ్ఞాన సర్వస్వం వంటి దీర్ఘకాల కార్యానికి ఒక శాశ్వత నిధి, దానిని నడిపే ధర్మకర్తల మండలి ఉంటే, స్థాపకుని తరువాత కూడా సాగే అవకాశం ఉండేది. 1794లో మరణించిన పచ్చయప్ప మొదలియారు ఆస్తి న్యాయస్థానాల వివాదాలలో చాలాకాలం చిక్కుకున్నప్పటికీ, చివరకు ధర్మనిధిగా స్థిరపడి 1842లో విద్యాలయానికి జన్మనిచ్చింది. దాత మరణించిన 48 సంవత్సరాల తరువాత అది సాధ్యమయింది. దాత సంకల్పం ఎంత గొప్పదైనా అది తనతో ముగియకుండా చూసుకోవడం కూడా దాతృత్వంలో భాగమేనని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతాయి.

విద్యార్థులకు పాఠ్యాంశంగా

దాతల జీవితాలను పాఠశాలలో బోధించేటపుడు ఎంత ఇచ్చారన్న సంఖ్య మీదనే దృష్టి నిలపడం, బిరుదులను కంఠస్థం చేయించడం సాధారణంగా జరుగుతూ ఉంటుంది. నాగేశ్వరరావు జీవితం అంతకంటే లోతైన ప్రశ్నలకు అవకాశమిస్తుంది. ధనం ఎక్కడినుండి వచ్చింది? దానిని ఆయన దేనిపై ఖర్చుచేశాడు? ఆ ఖర్చు వల్ల ఎవరి జీవితంలో ఏ మార్పు వచ్చింది? దాత పోయిన తరువాత ఏది మిగిలింది, ఏది ఆగిపోయింది? ఈ నాలుగు ప్రశ్నలను ఏ దాత జీవితానికైనా అన్వయించి చూడవచ్చు.

తమ ఊరి గ్రంథాలయం, సత్రం, పాఠశాల భవనం ఎవరి చలవతో వెలిశాయో శిలాఫలకాలు చూసి, పెద్దలను అడిగి విద్యార్థులు వ్రాసుకొనవచ్చు. ఆ ఫలకంపై ఉన్న పేరును వదలి, ఆ భవనం నేడు ఎవరికి ఉపయోగపడుతున్నదో కూడా పరిశీలిస్తే, సంఘంపై దాతృత్వ ప్రభావం పుస్తకంలోని మాటగా మిగిలిపోక అనుభవంలోకి వస్తుంది. అప్పుడు దాతను దేవునిగా పూజించడం కాక, ఆయన చేసిన పనిలోని మంచిని, లోటును వివేచించే శక్తి పిల్లలకు అలవడుతుంది. ధనవంతులు మాత్రమే దాతలు కాగలరన్న భావం కూడా తొలగుతుంది. పత్రికను పదిమందికి చదివి వినిపించిన ఆనాటి పల్లెటూరి చదువరి కూడా ఈ దానంలో భాగస్వామియే.

మరణం, అనంతర కాలం

నాగేశ్వరరావు 1938 ఏప్రిల్ 11న మద్రాసులో మరణించాడు. తరువాత ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ ఆంధ్రపత్రిక, భారతి, అమృతాంజన్ సంస్థల బాధ్యత వహించి సమర్థతతో నడిపాడు. ఆంధ్రపత్రిక, భారతి రెండూ 1991లో మూతపడ్డాయి. అప్పటికి ఆంధ్రపత్రిక వయస్సు 80 సంవత్సరాలు దాటింది. అమృతాంజన్ కంపెనీ మాత్రం 21వ శతాబ్దంలోను కొనసాగుతున్నది.

మద్రాసు మైలాపూరులోని లజ్ ప్రాంతంలో నాగేశ్వరరావు పేరిట ఉన్న ఉద్యానవనం ప్రసిద్ధమైనది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను డిజిటల్ రూపంలోకి మార్చినపుడు ఆంధ్రపత్రిక, భారతి సంచికలు కూడా అందులో చేరాయి. 20వ శతాబ్ది తెలుగువారి చరిత్రను, భాషను, సాహిత్యాన్ని పరిశోధించేవారు తరచుగా ఈ సంచికలనే ఆశ్రయిస్తున్నారు. భారతి పుటలలోని శాసన పాఠాలు, సంవత్సరాది సంచికలలోని వ్యాసాలు ఆకర గ్రంథాల స్థానాన్ని పొందాయి. పత్రికలు ఆగిపోయినా అందులో నిక్షిప్తమైన విజ్ఞానం తెలుగు పాఠకులకు అందుతూనే ఉన్నది.